పాప తెల్లవారుజామున ఏడ్చి లేస్తోంది. దిష్టా, పీడకలా, ఇంకేమైనానా?

హంద్రీగట్టు | అక్టోబర్ 5, 2024, ఉదయం 5:40

అందరికీ నమస్తే. కర్నూలు పాతబస్తీ నుంచి రాస్తున్నా. టైం చూశారుగా, మళ్లీ నిద్ర పట్టక ఇక్కడికొచ్చా.

మా పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. మూడు వారాలుగా వారంలో నాలుగు రోజులైనా తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర మధ్య కేకేసి లేస్తోంది. ఒళ్లంతా చెమట. లేవగానే నా మెడ పట్టుకుని వదలదు. "నీళ్లొచ్చినాయి, మెట్లు ఎక్కుతానే ఉన్నా, మెట్లు అయిపోలేదు" అంటుంది. ఒకరోజు "అవ్వ కిందనే ఉండిపోయింది" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వ పక్క మంచం మీదే పడుకుని ఉంది! చూపించినా నమ్మలేదు, పోయి చెయ్యి పట్టుకుని చూసి వచ్చింది.

ఇప్పుడు రాత్రి పడుకోవాలంటేనే భయం. పదకొండైనా కళ్లు మూయదు. మా అత్త దిష్టి తీసి మూడుదారుల్లో పడేసింది. దర్గాలో ఊదించి తాయెత్తు కట్టించాం. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. మా ఆయనేమో "పెద్దయితే అదే పోతుంది" అని అటు తిరిగి పడుకుంటాడు. ఏడుకల్లా బాక్సు కట్టాల్సింది నేను కదా.

మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా ఉందా? డాక్టర్ దగ్గరికి పోవాలా?

---

ఆదోని_పత్తి | అక్టోబర్ 5, ఉదయం 7:15

పాప ఎక్కడో జడుసుకుంది. తాయెత్తు ఒక్కటే చాలదు. తలగడ కింద ఇనుప ముక్క పెట్టండి, గుమ్మానికి నిమ్మకాయ కట్టండి. మా పెద్దోడికి అట్లనే తగ్గింది. డాక్టర్ల దగ్గరికి పోతే ఫీజు తీసుకుని ఆకలి టానిక్ రాసి పంపిస్తారు, అంతే.

---

కడప_కారందోశ | అక్టోబర్ 5, ఉదయం 9:02

అక్కా, మాదీ అదే కథ. కాదు, కొంచెం వేరే.

మావాడికి నాలుగేళ్లు. తొమ్మిదికి పడుకుంటాడు. సరిగ్గా పదిన్నరకు మంచం మీద లేచి కూర్చుని ఒకటే అరుపు. మా సందులో కుక్కలన్నీ లేస్తాయి. కళ్లు తెరిచే ఉంటాయి. నేను ఎత్తుకుంటే "నాన్న కావాలి" అని నన్నే తోస్తాడు. నేనే రా నాన్నను అంటే ఇంకా ఎక్కువ. పది నిమిషాల తర్వాత ఏమీ జరగనట్టు పడుకుని గురక పెడతాడు. పొద్దున అడిగితే "ఏమి?" అంటాడు. ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోయి ఉంటాయి, వాడొక్కడే ఫ్రెష్‌గా దోశ తింటుంటాడు.

మొదటిసారి మేము ముఖాన నీళ్లు కొట్టినాం. చాలా తప్పు చేసినట్టున్నాం, ఆ రోజు అరగంట ఆపలేదు. మాదీ పీడకలేనా?

---

సిస్టరమ్మ_అనంత | అక్టోబర్ 5, మధ్యాహ్నం 2:20

అనంతపురంలో పిల్లల వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. డాక్టర్‌ను కాను, అది ముందే చెబుతున్నా.

మీ ఇద్దరివీ వేర్వేరు సంగతులు. రెండింటినీ విడదీయడానికి మొదట చూడాల్సింది గడియారం.

హంద్రీగట్టు అమ్మా, మీ పాపది పీడకల. కలలు ఎక్కువగా వచ్చే నిద్రను రెమ్ నిద్ర అంటారు. రాత్రి గడిచేకొద్దీ దాని పాలు పెరుగుతుంది, అందుకే పీడకలలు తెల్లవారుజామునే ఎక్కువ. పిల్ల పూర్తిగా మేలుకుంటుంది, మిమ్మల్ని గుర్తుపడుతుంది, ఏం వచ్చిందో చెబుతుంది, మళ్లీ పడుకోవడానికి భయపడుతుంది. మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఇవి మొదలవడం మామూలే. ఊహ పెరిగే వయసు, ఏది నిజమో ఏది కాదో ఇంకా తేలని వయసు.

కారందోశ బాబూ, మీవాడిది పీడకల కాదు. నిద్రలో భయం అంటారు. పడుకున్న ఒకటి నుంచి మూడు గంటల లోపల, గాఢ నిద్రలో ఉండగా వస్తుంది. మెదడులో సగం మేలుకుంటుంది, సగం మేలుకోదు. కళ్లు తెరిచినా వాడు నిద్రలోనే ఉన్నాడు, అందుకే మిమ్మల్ని పోల్చుకోలేడు. లేపొద్దు, కుదపొద్దు, నీళ్లు చల్లొద్దు. పక్కన కూర్చుని కింద పడకుండా, తల తగలకుండా చూసుకోండి. దానంతట అదే ఆగుతుంది. పొద్దున లేచాక "రాత్రి ఎందుకు అరిచావు" అని నలుగురి ముందు అడగొద్దు. వాడికి తెలియని దానికి వాడేం జవాబు చెబుతాడు?

ఇది చాలా కుటుంబాల్లో వరసగా వస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా నిద్రలో నడిచేవాళ్లున్నారా? మీవాడు గురక పెడతాడన్నారు. రోజూనా, జలుబు చేసినప్పుడేనా?

---

కడప_కారందోశ | అక్టోబర్ 5, రాత్రి 8:45

సిస్టర్, మా అమ్మను అడిగినా. నేనే అంట! చిన్నప్పుడు ఊళ్లో అర్ధరాత్రి లేచి గొళ్లెం తీసుకుని పోయి ఎద్దుల కొట్టం దగ్గర నిలబడ్డానంట. ఇన్నేళ్లు నాకు చెప్పలేదు చూడండి.

గురక రోజూ ఉంది. నోరు తెరిచే పడుకుంటాడు.

---

సిస్టరమ్మ_అనంత | అక్టోబర్ 5, రాత్రి 9:30

అయితే రెండు పనులు చేయండి. గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ గట్టిగా పీల్చినట్టు ఉందేమో ఒక రాత్రి కూర్చుని చూడండి. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెరిగితే నిద్ర ముక్కలైపోతుంది, దాంతో ఈ అరుపులు ఎక్కువవుతాయి. రెండోది, అరుపు వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్‌కు మీ మాటల కన్నా ఆ నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది. ఒళ్లు బిగుసుకోవడం, ఒకే రకంగా కాలో చెయ్యో కొట్టుకోవడం, నురగ, ఒకే రాత్రి చాలాసార్లు రావడం ఉంటే ఆలస్యం చేయకండి, అది ఫిట్స్ కావచ్చు.

టైం అంత కచ్చితంగా పదిన్నర అంటున్నారు కాబట్టి ఇంకో ఉపాయం ఉంది. ఒక వారం టైం రాసుకోండి. తర్వాత రోజూ దానికి పదిహేను, ఇరవై నిమిషాల ముందు మెల్లగా తట్టి కదిలించండి. కళ్లు తెరిచి అటు ఇటు మెదిలితే చాలు, మళ్లీ పడుకోనివ్వండి. రెండు మూడు వారాలు చేస్తే చాలామందికి ఆ వరస తెగిపోతుంది. ఒంటేలుకు పోయించి పడుకోబెట్టండి, నిండిన మూత్రాశయం కూడా కారణమవుతుంది.

మిద్దె మీద పడుకునే అలవాటుంటే కొన్నాళ్లు ఆపండి. పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండని మిద్దెలు మనవైపు ఎన్ని లేవు!

---

తాడిపత్రి_టీచర్ | అక్టోబర్ 6, ఉదయం 6:50

ప్రైమరీ స్కూల్లో చెబుతాను. మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేవాళ్లు ప్రతి క్లాసులో నలుగురుంటారు. అడిగితే "నాన్న వచ్చేదాకా ఫోన్ చూసినా" అంటారు. ఆరేళ్లు దాటిన పిల్లకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. పదకొండుకు పడుకుని ఆరున్నరకు లేస్తే ఎన్ని గంటలు? నిద్ర తక్కువైన కొద్దీ పీడకలలూ అరుపులూ రెండూ పెరుగుతాయి. భయంతో పడుకోదు, పడుకోక భయం పెరుగుతుంది.

ఒకటి అడుగుతా. నీళ్లు అంటోంది కదా, పాప ఈమధ్య వరద వీడియోలేమైనా చూసిందా?

---

గుత్తి_జంక్షన్ | అక్టోబర్ 6, ఉదయం 11:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పాపకు దగ్గు, ఆయాసం, తుమ్ములు ఉండి రోజూ రాత్రి సిరప్ ఏమైనా వేస్తున్నారా?

మా అబ్బాయికి పోయిన చలికాలం పిల్లికూతలు వస్తే మాంటెలుకాస్ట్ ఉన్న సిరప్ రాశారు. ఆయాసం తగ్గింది. పది రోజుల్లో రాత్రిళ్లు ఏడుపు, పగలు ఊరికే కోపం మొదలు. రెండింటికీ సంబంధం ఉందని మాకు తట్టనే లేదు. మందుల షాపులో చేసే మా బావమరిది సీసా చూసి చెప్పాడు. ఆ మందుకు పీడకలలు, చిరాకు, మనసు మార్పుల గురించి 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ తన అతి గట్టి హెచ్చరికను వేయించింది. అందరికీ రాదు, కొందరికే. డాక్టర్‌కు చెబితే వేరే మందుకు మార్చారు, వారం తిరిగేసరికి నిద్ర కుదిరింది.

మీ అంతట మీరు ఆపేయకండి. ఆయాసం తిరగబెడితే అది ఇంకో తలనొప్పి. అడగండి, అంతే.

---

హంద్రీగట్టు | అక్టోబర్ 6, రాత్రి 10:15

అందరికీ థ్యాంక్స్. సిరప్‌లు ఏవీ లేవు.

టీచర్ గారూ, మీరు అడిగాక కూర్చుని ఆలోచించా. వీడియోలు చూడలేదు. కానీ మాది హంద్రీ పక్క ఇల్లు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మునిగిన ఇల్లే ఇది. నేనప్పటికి ఈ ఇంటి కోడలిని కాలేదు. నడవలో గోడ మీద నీళ్లు నిలబడిన మరక ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతుంది. మా ఆయన దాని పక్కన పాప ఎత్తు గీస్తుంటాడు, సరదాకు. పాప ఎత్తు ఆ మరకలో సగానికి కూడా రాదు.

ఇంటికి ఎవరొచ్చినా మా అత్త వరద కథ చెప్పాల్సిందే. పదిహేనేళ్లయిందని ఈ మధ్య చుట్టాలు ఎక్కువ వచ్చారు, కథ కూడా ఎక్కువైంది. పాప ఒళ్లో కూర్చునే వింటుంది. "ఒక మెట్టు మునిగింది, ఇంకో మెట్టు మునిగింది, చీకటి, కరెంటు లేదు..." ఇదీ మా అత్త వరస.

ఇంతకాలం నాకెందుకు తట్టలేదో!

---

ఆదోని_పత్తి | అక్టోబర్ 7, ఉదయం 7:30

అంటే పెద్దవాళ్లు కథలు కూడా చెప్పకూడదా ఇంక? దిష్టి వద్దు, తాయెత్తు వద్దు, కథ వద్దు. మనం వినలేదా దయ్యాల కథలు, చచ్చిపోయినామా?

---

సిస్టరమ్మ_అనంత | అక్టోబర్ 7, ఉదయం 10:40

ఆదోని అన్నా, తాయెత్తు వద్దని నేనెక్కడ అన్నాను? మా అమ్మ మాకు పడుకునే ముందు రామస్కందం శ్లోకం చెప్పించేది. రాముడు, స్కందుడు, హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు, ఈ ఐదుగురిని తలుచుకుంటే పీడకల రాదని. ఉరుము ఉరిమితే అర్జునా ఫల్గుణా అనేవాళ్లం. ఇప్పుడు నా మనవరాలికి నేనూ చెబుతా. రోజూ ఒకే టైంకి, ఒకే మనిషి, ఒకే మాట చెప్పి జోకొడితే పిల్లకు ధైర్యం వస్తుంది. దర్గాలో ఊదించినా అంతే, అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకునే కదా ఊదిస్తుంది.

నాకు అభ్యంతరం ఒక్కటే. పిల్ల వింటుండగా "దీనికేదో పట్టింది", "గాలి సోకింది" అని మాట్లాడకండి. కలలో ఉన్నదాన్ని మనమే తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టినట్టవుతుంది. మూడోనాటికి పిల్ల దానికి పేరు కూడా పెడుతుంది. బాత్‌రూమ్‌కు కూడా తోడు లేకుండా పోదు. వార్డులో చూశాను.

ఇక పాప రాత్రి లేచినప్పుడు. మీరే తన దగ్గరికి పోండి, దగ్గరికి తీసుకోండి, మాటలు తక్కువ. "అది కల. నేనిక్కడే ఉన్నా" అని చాలు. పెద్ద లైటు వేయొద్దు, టీవీ పెట్టొద్దు, కథంతా అప్పుడే అడగొద్దు. "నీళ్లు లేవు పో, పిచ్చిదానా" అని నవ్వొద్దు కూడా. భయం నిజమే కదా, నీళ్లే నిజం కాదు.

అడగడం పగలు. ఆడుకునేటప్పుడు, జడ వేసేటప్పుడు. బొమ్మ గీయమనండి, ఆ కల తర్వాత ఏమైతే బాగుంటుందో దాన్నే చెప్పమనండి. మార్చిన కథను రోజూ పగలు ఒకసారి తలుచుకుంటే పీడకలలు తగ్గుతాయి, పెద్దవాళ్లకూ చేసే వైద్యమే ఇది.

---

హాస్టల్_బ్యాచ్ | అక్టోబర్ 8, రాత్రి 11:55

ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని. ఇది చదివాక పోలేకపోయా.

నన్ను ఆరో తరగతిలో కడప జిల్లాలో ఒక హాస్టల్లో వేశారు. చేరిన నెలలోనే కలలు. బస్సులో అమ్మ ఎక్కుతుంది, నేను ఎక్కేలోగా బస్సు పోతుంది. రోజూ అదే. కేకేసి లేస్తే పక్కవాళ్లు నవ్వేవాళ్లు. రెండు మూడుసార్లు పక్క తడిసింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. పొద్దున ప్రేయర్‌లో ఆ దుప్పటి పట్టుకుని నిలబెట్టారు. దాంతో నేను నిద్రపోవడమే మానేశా. తొడ గిల్లుకుంటూ కూర్చునేదాన్ని.

వంట చేసే ఆయమ్మ ఒకామె ఉండేది. మొబ్బులో మూడున్నరకే లేచి పొయ్యి వెలిగించేది. ఒకరోజు వరండాలో కూర్చుని ఉంటే చూసింది. ఎందుకు లేచావు, ఏమైంది అని ఏమీ అడగలేదు. "రా, చలి" అంది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చేతికి చేట ఇచ్చి, బియ్యంలో రాళ్లు ఏరమంది. అంతే. ఎన్నో రోజులు అలా ఏరా. ఎప్పుడో ఒకరోజు నేనే చెప్పా, బస్సు సంగతి. ఆమె బియ్యం కడుగుతూనే "ఆ బస్సు యా ఊరిది?" అంది. పులివెందులది అన్నా. "పులివెందుల బస్సు గంటకొకటుంది కదే, తరువాతి దాంట్లో ఎక్కు" అంది.

నవ్వొచ్చింది. ఆ కల మళ్లీ వచ్చింది కానీ, కలలోనే నాకు ఆ మాట గుర్తొచ్చింది. స్టాండులో కూర్చుని తరువాతి బస్సు కోసం చూస్తున్నా. ఏడవడం లేదు.

సిస్టర్ గారు చెప్పిన మార్చిన కథ అంటే ఇదేనా? ఆయమ్మకు ఎవరు నేర్పారో మరి.

---

సిస్టరమ్మ_అనంత | అక్టోబర్ 9, ఉదయం 6:20

ఇదే తల్లీ.

---

తాడిపత్రి_టీచర్ | అక్టోబర్ 9, సాయంత్రం 5:30

హాస్టల్_బ్యాచ్ గారూ, మీరు రాసింది స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించా, పేర్లు లేవు కాబట్టి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కలలన్నీ కథ మారిస్తే పోయేవి కావు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బడికి పోనంటున్నా, ఫలానా మనిషి ఇంటికో ట్యూషన్‌కో పోవాలంటే కాళ్లు వెనక్కి పడుతున్నా, అది నిద్రకు మాత్రమే సంబంధించింది కాకపోవచ్చు. పగలు ఏదో జరుగుతుండొచ్చు. మెల్లగా కనుక్కోండి. చెప్తే నమ్మండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్. మనసు సంగతులకు 14416, టెలిమానస్, ఫీజు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

---

ఆదోని_పత్తి | అక్టోబర్ 16, రాత్రి 9:10

నేనే మళ్లీ. ఏమీ అనుకోకుండా చదవండి.

దసరా రాత్రి దేవరగట్టు బన్ని, అదే కర్రల సమరం, సంగతి మీకందరికీ తెలిసిందే. నేను ఏటా పోతా. ఈసారి అక్కడి వీడియోలు మా వాట్సాప్ గ్రూపులో వందకు పైగా వచ్చినాయి. కర్రలు, దివిటీలు, పగిలిన తలలు. మా చిన్నోడికి ఏడేళ్లు, నా ఫోన్ తీసుకుని అన్నీ చూసినాడు. నాలుగు రోజులుగా తెల్లవారుజామున లేచి "నాయనా, తలకు గుడ్డ కట్టుకో" అని నా తల తడుముతున్నాడు.

ఇనుప ముక్క పెట్టలేదు. గ్రూపు మ్యూట్ చేసి వీడియోలు తీసేసినా. తర్వాత ఏం చేయాలో చెప్పండి.

---

హంద్రీగట్టు | అక్టోబర్ 16, రాత్రి 10:05

అన్నా, తల తడమనివ్వండి. మా పాప అవ్వ చెయ్యి పట్టుకుని చూసి వచ్చినట్టే కదా. పగలు వాడితోనే మీ తలకు నూనె రాయించుకోండి. ఎక్కడా దెబ్బ లేదని వాడి వేళ్లకే తెలియాలి.

మాది కూడా చెబుతా. పాపను బొమ్మ గీయమన్నాం. మెట్లు గీసింది, నీలం రంగు గీసింది, ఆగిపోయింది. "తర్వాత?" అంటే "తర్వాత తెలీదు, అవ్వ చెప్పలేదు" అంది.

నిజమే! మా అత్త కథ ఎప్పుడూ నీళ్లు ఎక్కడంతోనే ఆగుతుంది. వినేవాళ్లు అక్కడే "అయ్యయ్యో" అంటారు, కాఫీ వస్తుంది, కథ అయిపోతుంది. నీళ్లు దిగిన సంగతి నేనూ ఎప్పుడూ వినలేదు.

మా అత్తకు చెప్పా. మొదట కోపం వచ్చింది, తన వల్లే అన్నట్టు అనిపించిందేమో. రాత్రి అన్నం తిన్నాక తనే పాపను పిలిచింది. మిద్దె మీద పక్కిళ్ల వాళ్లందరూ ఎట్లా చేరింది, ఎవరో తెచ్చిన బొరుగులు గుప్పెడు గుప్పెడు పంచుకున్నది, నీళ్లు ఒక్కో మెట్టే దిగింది, కింద మోకాలి లోతు బురద. పారలతో ఎత్తిపోశారంట. బీరువాలో పట్టుచీరలు బురదలో నుంచి తీస్తే మా మామ "ఇవి ఇంక దున్నపోతులకు కప్పాలి" అన్నాడంట. పాప ఒకటే నవ్వు. మూడుసార్లు చెప్పించుకుంది. బొమ్మలో మిద్దె మీద అవ్వను గీసింది, చేతిలో బొరుగుల సంచి.

కల ఆగలేదు. పోయిన వారం రెండుసార్లు వచ్చింది. ఒకసారి నన్ను లేపలేదు, అవ్వ మంచంలోకి పోయి పడుకుంది. తొమ్మిదిన్నరకు లైటు ఆపేస్తున్నాం. మా ఆయన వంతు కూడా పెట్టా, వారంలో మూడు తెల్లవారుజాములు ఆయనవి.

---

ఆదోని_పత్తి | అక్టోబర్ 17, ఉదయం 6:45

నూనె సంగతి చేస్తా. కారందోశా, నీ కొడుకు సంగతేమి?

---

కడప_కారందోశ | నవంబర్ 4, రాత్రి 10:50

లేటుగా చూసినా అన్నా. పది గంటల పదికి తట్టి కదిలించడం రెండు వారాలు చేసినాం. అరుపులు వారానికి ఒకటికి తగ్గినాయి. దీపావళి రాత్రి మాత్రం టపాసులతో పన్నెండుకు పడుకున్నాడు, రెండుకు లేచి వీధంతా లేపినాడు.

గురక వీడియో చూపించినాం. మధ్యలో ఊపిరి ఆగుతోంది, నేను లెక్కపెట్టినా, డాక్టర్ కూడా వీడియో ఆపి ఆపి చూసినాడు. అడినాయిడ్స్ అంట. ఎక్స్‌రే తీసినారు, ముక్కు డాక్టర్ దగ్గరికి గురువారం రమ్మన్నారు. సిస్టర్, ఆపరేషన్ అంటే మా అమ్మ ఇప్పటినుంచే ఏడుస్తోంది. ఆమెకేం చెప్పాలి?

---

సిస్టరమ్మ_అనంత | నవంబర్ 5, ఉదయం 6:05

ముందు గురువారం డాక్టర్ ఏమంటారో విననీ. మందుతో తగ్గేవీ ఉంటాయి. అమ్మను కూడా తోడు తీసుకుపో, అడగాల్సినవి ఆమెనే అడగనీ. ఎద్దుల కొట్టం సంగతి కూడా డాక్టర్‌కు చెప్పు, నవ్వరులే.